డ్యూవెల్, లా షూఫ్, డెలిరియమ్, వెస్ట్‌మాలె: నలుగురు కలిసి రుచి చూడటానికి ఏది మేలు?

బెల్జియంలో ఒక జాతి బీరు ఉంది. లేత బంగారు రంగు, తెల్లని ఎత్తైన నురుగు, గ్లాసు అడుగు నుంచి ఆగకుండా పైకి లేచే సన్నని బుడగలు. దూరం నుంచి చూస్తే ఎక్కడైనా దొరికే మామూలు లాగర్ బీరు అనిపిస్తుంది. ఆల్కహాలు మాత్రం సాధారణంగా 8 శాతానికి తగ్గదు, కొన్నింటిలో 10 కూడా దాటుతుంది. దీన్ని స్ట్రాంగ్ పేల్ ఏల్ అనీ, గోల్డెన్ స్ట్రాంగ్ ఏల్ అనీ అంటారు. ఏల్ అంటే లాగర్ కంటే వెచ్చగా ఉంచి పులియబెట్టే బీరు. తెలుగు రాష్ట్రాల్లో స్ట్రాంగ్ బీరు అడిగేవారిలో చాలామంది చూసేది మత్తు ఎంత త్వరగా ఎక్కుతుందన్నదే. బెల్జియంలో ఈ బీరు గొప్పతనాన్ని కొలిచేది, అంత బలాన్ని నాలుకకు తెలియకుండా ఎంత బాగా దాచిందన్నదాన్ని బట్టి.

లూవెన్‌లో, బ్రస్సెల్స్‌లో స్థిరపడిన మన మిత్రులు కొందరం, స్థానికులు ఒకరిద్దరు అప్పుడప్పుడు కలిసి కూర్చుని ఈ బీర్లను రుచి చూస్తుంటాం. కొత్తగా వచ్చినవారు ముందుగా అడిగేది వీటిలో ఏది మేలని. ఒంటరిగా ఒక సాయంత్రం తాగడానికి ఏది మేలన్నది వేరే విషయం. నలుగురు ఒకే సీసాను పంచుకుని, దాని గురించి గంటసేపు మాట్లాడుకోవాలంటే బీరులో కొన్ని గుణాలు కావాలి. పది గుక్కల తర్వాత కూడా నాలుక అలసిపోకూడదు. చల్లగా ఉన్నప్పుడు ఒక రుచి, కాస్త వెచ్చబడ్డాక మరో రుచి బయటపడాలి. పక్కన కూర్చున్నవారికి తోచింది మనకు తోచకపోవడానికి అందులో చోటు ఉండాలి. నేను ఈ నాలుగింటిని తూచేది ఈ లెక్కలోనే.

డ్యూవెల్‌తో మొదలుపెట్టాలి. ఈ జాతికి మూలపురుషుడు అదే. యాంట్‌వర్ప్‌కు దక్షిణాన బ్రేన్‌డొంక్ అనే ఊరిలో మూర్ట్‌గాట్ కుటుంబం 1871లో బీరు కాయడం మొదలుపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, బ్రిటిష్ ఏల్స్‌కు ఉన్న ఆదరణ చూసి, ఆల్బర్ట్ మూర్ట్‌గాట్ స్కాట్లండ్ వెళ్లి అక్కడి ఈస్టు సంపాదించుకొచ్చాడు. దానితో కాచిన బీరుకు విజయానికి గుర్తుగా విక్టరీ ఏల్ అని పేరు పెట్టారు. ఊరివాళ్లతో కలిసి రుచి చూస్తున్నప్పుడు చెప్పులు కుట్టే ఒకాయన ఒక్క గుక్క తాగి, ఇది నిజంగా దయ్యమే అన్నాడట. బెల్జియం ఉత్తరాన మాట్లాడే ఫ్లెమిష్ యాసలో డ్యూవెల్ అంటే దయ్యం. అలా 1923లో దాని పేరు డ్యూవెల్ అయింది. నలుగురు కూర్చుని రుచి చూసిన చోట పేరు పుట్టిన బీరు ఇది. అప్పట్లో దాని రంగు ముదురు. ఇప్పుడు మనం చూసే లేత బంగారు రంగు 1970లో వచ్చింది. దేశమంతా పిల్స్‌నర్ అనే లేత బంగారు రంగు లాగర్ వైపు మొగ్గిన కాలమది. లూవెన్ విశ్వవిద్యాలయంలో బీరు శాస్త్రం బోధించిన జాన్ డి క్లెర్క్ సాయంతో మూర్ట్‌గాట్ వాళ్లు తమ బలమైన ఏల్‌కు పిల్స్‌నర్ రూపం ఇచ్చారు. తర్వాత వచ్చిన, సైతాను పేరే పెట్టుకున్న లూసిఫర్ వంటి బీర్ల పేర్లను చూస్తే చాలు, ఎవరు ఎవరి వెనుక నడిచారో తెలుస్తుంది.

8.5 శాతం ఆల్కహాలు ఉన్న బీరు అంత తేలికగా ఎలా తాగబుద్ధవుతుంది? మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, ఒక్కదానితోనే ఆ బలం తెస్తే బీరు చిక్కగా, తీపిగా, బరువుగా తయారవుతుంది. అందుకే మాల్టుతో పాటు కొంత చక్కెర కలుపుతారు. ఈస్టు ఆ చక్కెరను పూర్తిగా తినేస్తుంది. ఆల్కహాలు మిగులుతుంది, తీపి మిగలదు. సీసాలో నింపేటప్పుడు మళ్లీ కొంచెం చక్కెర, ఈస్టు వేస్తారు. వెచ్చని గదుల్లో అక్కడే రెండోసారి పులుస్తుంది, ఆ తర్వాత వారాల తరబడి చల్లని గదుల్లో ఉంటుంది. కాయడం మొదలైన రోజు నుంచి సీసా బయటికి రావడానికి దాదాపు 90 రోజులు పడుతుంది. ఆ బుడగల జోరు, తీపి మిగలని ఆ పొడి ముగింపు ఈ ఓపిక నుంచే వచ్చాయి.

గ్లాసు దగ్గర ముక్కు పెడితే ముందు బేరిపండు, తర్వాత నిమ్మ తొక్క, ఆ వెనుక మిరియం ఛాయ తగులుతాయి. పండ్లేవీ వేయరు, మిరియాలూ వేయరు. అదంతా ఈస్టు పనితనం. చెక్ దేశపు సాజ్ హాప్స్, స్లొవీనియా వైపు పండే స్టైరియన్ గోల్డింగ్ హాప్స్ గడ్డిపూల వాసనను, శుభ్రమైన చేదును ఇస్తాయి. హాప్స్ అంటే బీరులో వేసే ఒక తీగ పూలు. మింగాక నోరు ఆరినట్టు ఉంటుంది. ఆ పొడితనమే నన్ను కట్టిపడేస్తుంది. ప్రతి గుక్క ముందు గుక్కను కడిగేసి నాలుకను సిద్ధం చేస్తుంది. బల్ల చుట్టూ కూర్చున్నవారికి అంతకంటే కావలసింది లేదు. చల్లగా ఉన్నప్పుడు నిమ్మ, చేదు ముందుంటాయి. పది, పన్నెండు డిగ్రీలకు చేరేసరికి బేరిపండు విచ్చుకుంటుంది, ఆల్కహాలు వెచ్చదనం గొంతులో తెలుస్తుంది. ఒకరు మిరియం అంటే ఇంకొకరు లవంగం అంటారు, ఇద్దరూ మళ్లీ గ్లాసులో ముక్కు పెడతారు. ఆ వాదన కోసమే నేను ఈ కూటమికి వస్తాను.

లా షూఫ్ దారి వేరు. దేశానికి ఆ చివర, ఆర్డెన్ అడవుల్లో అషూఫ్ అనే చిన్న పల్లె ఉంది. పియర్ గోబ్రాన్, క్రిస్ బావెరార్ట్స్ అనే బావ, బావమరుదులు 1982లో అక్కడ సరదాగా మొదలుపెట్టిన పని అది. ఎర్ర టోపీ, తెల్ల గడ్డం ఉన్న మరుగుజ్జు బొమ్మ సీసా మీద ఉంటుంది. 2006లో డ్యూవెల్ సంస్థే దాన్ని కొన్నది. 8 శాతం ఆల్కహాలు, కాస్త మబ్బు పట్టిన బంగారు రంగు, డ్యూవెల్ కంటే నిండైన ఒళ్లు. ఇందులో ధనియాలు వేస్తారు.

తెలుగువారికి ఈ బీరు మీద ప్రత్యేకమైన హక్కు ఉందని నా నమ్మకం. ఫ్లెమిష్ మిత్రులు గ్లాసు చుట్టూ తిరిగి తిరిగి నారింజ అని, ఏదో మసాలా అని వెతుక్కుంటుంటే మనవాళ్లు మొదటి వాసనకే ధనియాలని గుర్తుపడతారు. వేయించిన ధనియాల పొడి వాసన ఇందులో ఉండదు. పచ్చి గింజను వేళ్లతో నలిపితే వచ్చే నిమ్మ, నారింజ కలిసిన తేలిక వాసన ఉంటుంది. చారు పొడి కొట్టిన ఇంట్లో పెరిగిన ముక్కుకు ఆ తేడా చెప్పనక్కర్లేదు. అందుకే బీరు రుచి చూడటం మాకు రాదు అని వెనక్కి తగ్గేవారి చేతిలో నేను ముందుగా పెట్టేది లా షూఫ్. ఒక వాసనను పేరు పెట్టి పిలవగలిగాక మిగతావాటిని వెతకాలనే ధైర్యం తనంతట తనే వస్తుంది.

దాని లోపమూ అక్కడే ఉంది. ధనియాలు ఒకసారి దొరికాక ముక్కు వాటిని వదలదు. వెచ్చబడేకొద్దీ తీపి, మాల్టు పైకి వస్తాయి కానీ డ్యూవెల్‌లా కొత్త పొరలు విచ్చుకోవు. మా బృందంలో ఒకరు దీన్ని ఒప్పుకోరు. లా షూఫ్‌లో వెచ్చదనంతో పాటు తేనె కనిపిస్తుందని, పొడి బీరు అంటే నాకున్న మోజు వల్లే అది నాకు కనిపించడం లేదని ఆయన వాదన. ఆయన ముక్కు మీద నాకు గౌరవం ఉంది, అయినా నా తీర్పు మార్చుకోను.

డెలిరియమ్ ట్రెమెన్స్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. గెంట్ పక్కన మెల్లె ఊరిలో హౌగె సంస్థ 1980ల చివరలో తెచ్చిన బీరు, ఇదీ 8.5 శాతమే. గులాబీ ఏనుగు బొమ్మ, చుక్కలు చుక్కలుగా రంగు వేసిన బూడిదరంగు సీసా వల్ల ప్రపంచమంతా గుర్తుపడుతుంది. ఆ రంగు వెలుతురును లోపలికి రానివ్వదు కాబట్టి హాప్స్ పాడుకాకుండా కాపాడుతుంది, అది మంచి సంగతి. మూడు రకాల ఈస్టు వాడతారు. పండిన అరటి, లవంగం, చివర్లో తీపి. మొదటి గుక్కకు అందరి ముఖాలూ వెలుగుతాయి. గ్లాసు సగానికి వచ్చేసరికి ఆ తీపి పేరుకుని మాటలు పక్కదారి పడతాయి. మద్యం మానినప్పుడు వచ్చే ప్రాణాంతకమైన వణుకు జబ్బు పేరును సీసాకు పెట్టడం కూడా నాకు మొదటి నుంచీ నచ్చలేదు. బీరుగా తక్కువదని అనను, పదిమంది పండగ చేసుకునే చోట దానికి తగిన స్థానం ఉంది. శ్రద్ధగా రుచి చూసే బల్ల మీద మాత్రం నాలుగో స్థానం ఇస్తాను.

ఇక వెస్ట్‌మాలె ట్రిపెల్. నియమం ప్రకారం ఇది వేరే వర్గం, ట్రిపెల్ అనే బలమైన లేత రంగు ఏల్. యాంట్‌వర్ప్‌కు ఈశాన్యాన ఉన్న, ట్రాపిస్ట్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం గోడల లోపల, సన్యాసుల పర్యవేక్షణలో కాస్తారు. మఠంలో బీరు కాయడం 1836 నుంచి ఉంది. ఈ ట్రిపెల్ 1934లో పుట్టింది, 1956లో దాని పాళ్లు కుదురుకున్నాక పెద్దగా మారలేదు. 9.5 శాతం. లేత రంగు, చక్కెర వాడకం, సీసాలో రెండోసారి పులియడం అన్నీ డ్యూవెల్‌తో కలుస్తాయి. అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టకుండా ఈ జాతి బీరు అర్థం కాదు. డ్యూవెల్‌లో బుడగ ముందు, మాల్టు వెనుక. వెస్ట్‌మాలెలో బిస్కెట్ లాంటి మాల్టు, పండిన అరటి, పూల వాసన, వాటన్నిటి కిందా గట్టిగా నిలబడిన చేదు. ఆ చేదు నోట్లో చాలాసేపు ఉంటుంది. బీరుగా ఏది గొప్పదని ఎవరైనా నిలదీస్తే తడుముకోకుండా వెస్ట్‌మాలె అంటాను.

మరి నలుగురి మధ్య డ్యూవెల్‌కే నా ఓటు ఎందుకు? వెస్ట్‌మాలె తనంతట తనే నిండైన బీరు. తాగినవాళ్లను మౌనంగా కూర్చోబెడుతుంది. దాని తర్వాత ఇంకేది నోట్లో పోసినా నీళ్లలా ఉంటుంది, ఆ సాయంత్రం ఇక పోల్చడానికి ఏమీ మిగలదు. డ్యూవెల్ పక్కన ఏ బీరు పెట్టినా దాని గుణదోషాలు స్పష్టంగా కనబడతాయి. లా షూఫ్‌లో ధనియాలు ఎంత ఉన్నాయో, డెలిరియమ్‌లో తీపి ఎంత మిగిలిందో, వెస్ట్‌మాలెలో మాల్టు ఎంత లోతుగా ఉందో నాకు తెలిసింది డ్యూవెల్ గీసిన గీత మీద నిలబెట్టి చూసినప్పుడే.

ఇలా పోల్చి చూడాలంటే పోయడం సరిగా రావాలి. సీసాను కనీసం ఒక రోజు నిలువుగా ఉంచితే ఈస్టు అడుగుకు చేరుతుంది. గ్లాసులో నూనె మరక ఏమాత్రం ఉన్నా నురుగు కూలిపోతుంది కాబట్టి శుభ్రంగా కడిగి, పోసే ముందు చన్నీళ్లతో తడపాలి. సన్నని నిలువు గ్లాసు పనికిరాదు. డ్యూవెల్ కోసం 1960ల్లో ట్యులిప్ పువ్వు ఆకారంలో చేసిన గ్లాసు 33 సెంటీలీటర్ల సీసానూ, దాని నురుగునూ కలిపి పట్టేటంత పెద్దది, వాసన పైన కూడుకునేటట్టు మెడ దగ్గర లోపలికి వంగి ఉంటుంది. దాని అడుగున చెక్కిన అక్షరం నుంచే బుడగలు వరుస కడతాయి. వంచి పట్టుకుని నెమ్మదిగా పోసి, అడుగున ఒక వేలు మందం సీసాలోనే వదలాలి. రుచి తోచగానే పైకి చెప్పేయకూడదు. మొదట మాట్లాడినవారి మాట మిగతావారి నాలుక మీద కూర్చుంటుంది. కాగితం మీద రాసుకుని, అందరూ రాశాక చదువుకుంటే నిజమైన తేడాలు బయటికి వస్తాయి. కారం జంతికలు, ఆవకాయ ఆ గంటసేపు దూరంగా ఉండాలి. కారం మీద ఆల్కహాలు, బుడగలు రెండూ మంట పుట్టిస్తాయి. ఉప్పు వేయని వేరుశనగలు, ఇక్కడి కేఫేల్లో ఇచ్చే చీజు ముక్కలు చాలు.

పరిమాణం గురించి మెతకగా చెప్పలేను. 8.5 శాతం బీరు ఒక చిన్న సీసాలో 22 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. అదే కొలత 5 శాతం బీరులో 13 గ్రాములు. రుచి బలాన్ని దాచేస్తుంది కాబట్టి ఆ లెక్క మనమే గుర్తుపెట్టుకోవాలి. మా బల్ల మీద ఒక సీసాను ముగ్గురు, నలుగురు పంచుకుంటారు, మధ్యలో నీళ్లు తాగుతారు, రైలులోనో బస్సులోనో ఇళ్లకు వెళతారు. బెల్జియంలో రక్తంలో లీటరుకు 0.5 గ్రాములు దాటితే వాహనం నడపకూడదు. నాలుగు రకాలు రుచి చూసినవారు ఆ గీతకు ఇటు ఉన్నామో అటు ఉన్నామో తమంతట తాము చెప్పలేరు.

వరుస ఇలా పెట్టండి. ముందు డ్యూవెల్, తర్వాత లా షూఫ్, ఆపైన డెలిరియమ్. ఈ మూడింటినీ ఫ్రిజ్ నుంచి తీసిన పది నిమిషాలకు పోయవచ్చు. వెస్ట్‌మాలెను మాత్రం డ్యూవెల్ పోసేటప్పుడే బయట పెట్టి, చివర్లో తెరవండి. అది తెరిచే వేళకు డ్యూవెల్ గ్లాసులో రెండు గుక్కలు మిగుల్చుకోండి. అప్పటికి అది వెచ్చబడి, బుడగలు తగ్గి ఉంటుంది. రెండింటినీ ఒకదాని వెంట ఒకటి తాగి, ఆ తర్వాతే కాగితం మీద చివరి మార్కులు వేయండి.