బరంపురం తెలుగువారికి జాగ్రత్త హెచ్చరిక: పళ్లకు ‘సహజ పట్టు దారం’ అని అమ్ముతున్నది పట్టు కాదు

బరంపురంలోనూ, ఇచ్ఛాపురం వరకూ ఉన్న మన ఊళ్లలోనూ పళ్ల సందులు శుభ్రం చేసుకోవడానికి ‘సహజ పట్టు దారం’ అనే పొట్లాన్ని కొన్నవారు, కొందామనుకుంటున్నవారు దయచేసి ఇది చదివాకే నిర్ణయించుకోండి. కొట్టు పేరు రాయడం లేదు, రాయనవసరమూ లేదు. తెల్లవారేసరికి మన వాట్సాప్ గుంపులన్నింటిలోనూ వేపాకు బొమ్మతో ‘శుభోదయం’ పెట్టి, దాని కిందనే ధరల పట్టిక పెట్టే పెద్దమనిషి ఎవరో మీకు తెలుసు. పొట్లం వెల 380 రూపాయలు. అందులో పట్టు పోగు ఒక్కటి కూడా లేదు.

ముందు సంగతి క్లుప్తంగా చెబుతాను. పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ గార తీసి, రోజుకొకసారి, వీలైతే రాత్రి పడుకునే ముందు, ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే సన్నని దారం) వాడమన్నారు. బ్రష్షు పన్ను ముందు వెనకలను తోముతుందే తప్ప రెండు పళ్లు ఆనుకున్న చోటికి దాని కుచ్చు చేరదని, అక్కడ పేరుకున్న పాచి గట్టిపడి గారగా మారితే ఇక ఇంట్లో ఏం చేసినా పోదని వివరంగా చెప్పారు. మొదట్లో కొంచెం రక్తం కనిపించవచ్చునని, అది దారం కోసినందువల్ల కాక చిగురు అప్పటికే వాచి ఉన్నందువల్ల వచ్చేదని, ఒకటి రెండు వారాల్లో తగ్గకపోతే మళ్లీ రమ్మని కూడా చెప్పారు. మందుల దుకాణంలో మామూలు ఫ్లాస్ డబ్బా కొన్నాను. రక్తం కనిపించింది. ఆవిడ ముందే చెప్పినా, ఉమ్మిలో ఎరుపు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది కదా.

ఆ వారంలోనే ఉసిరి పొడి కోసం మన పెద్దమనిషి కొట్టుకు వెళ్లి మాటవరసకు ఈ సంగతి అన్నాను. ఆయన నా సంచిలోని ఫ్లాస్ డబ్బాను అడిగి తీసుకుని, రెండు జానల దారం లాగి, అక్కడున్న వారందరికీ కనిపించేలా బిగించి పట్టుకుని, “అమ్మా, ఇది దారం కాదు, చిగుళ్లను కోసే రంపం. ఏడాది వాడితే పళ్ల మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు వస్తుంది. అమెరికావాళ్లే దీన్ని వద్దన్నారు” అని ఉపన్యాసం మొదలుపెట్టారు. సాక్ష్యంగా ప్లాస్టిక్ తొడుగు వేయించిన ఒక పేపరు కటింగు కూడా చూపించారు. దారం ఎంత ప్రమాదమో అంత గట్టిగా చెప్పిన మనిషి, మరుక్షణమే బల్ల కింద నుంచి ఇంకో దారం తీశారు. ఇది ‘సహజం’ కాబట్టి కోయదట. పట్టు కాబట్టి చిగురుకు మెత్తగా ఉంటుందట. లవంగ నూనెలో నానబెట్టింది కాబట్టి పురుగులు చస్తాయట.

ఆ పేపరు కటింగు సంగతి తర్వాత తీరిగ్గా తెలుసుకున్నాను. 2016లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ, ఫ్లాస్ వల్ల లాభమని చెప్పడానికి ఉన్న పరిశోధనలు బలహీనమైనవని, చాలావరకు కొద్దిమంది మీద కొద్దికాలమే జరిగినవని రాసింది. అమెరికా ప్రభుత్వం ఆ ఏడాది విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో అంతకుముందున్న ఫ్లాస్ ప్రస్తావన లేదు. జరిగింది ఇంతే. ఫ్లాస్ చిగుళ్లను కోస్తుందని గాని, మానేయమని గాని అందులో ఎవరూ చెప్పలేదు. ఋజువు బలహీనంగా ఉందనడానికీ, హాని ఉందనడానికీ మధ్య ఎంత దూరముందో ఆ కొట్టు బల్ల దగ్గర నిలబడితే కనిపించదు. తర్వాత 2019లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ పాత పరిశోధనలన్నింటినీ కలిపి పరిశీలించి, బ్రష్షుకు తోడు ఫ్లాస్ కూడా వాడితే చిగుళ్ల వాపు కొంత తగ్గవచ్చునని, సందుల్లో దూర్చే బుల్లి బ్రష్షులు అంతకంటే మెరుగ్గా ఉండవచ్చునని, అయితే ఈ ఋజువు మీద పెట్టుకోగల నమ్మకం తక్కువేనని తేల్చింది. ఈ ముక్కకు మాత్రం ఆయన ప్లాస్టిక్ తొడుగు వేయించుకోలేదు.

సరే, కొన్నాను. వాడాను. ఆ దారం మామూలు ఫ్లాస్ కంటే మోటుగా, పురి తిప్పినట్టుగా ఉంది. ముందు పళ్ల దగ్గర ఎలాగో దూరింది. వెనక దంతాల దగ్గర బలంగా నొక్కితే తప్ప దిగలేదు, దిగినప్పుడు ఒక్కసారిగా ‘టప్’మని చిగురులో గుచ్చుకుంది. లవంగ నూనె మంటను నేను మందు పనిచేస్తోందనుకున్నాను, ఎందుకంటే ఆయన అలాగే చెప్పారు. కొన్నాళ్లకు కుడివైపు కింది దంతాల మధ్య చిగురు ఎర్రగా ఉబ్బి, అన్నం నమలడం కూడా కష్టమైంది. మళ్లీ డాక్టరు దగ్గరికే పరుగు. ఆవిడ దీపం తిప్పి, చిన్న శ్రావణంతో ఆ సందులోంచి ఏదో లాగి, తెల్లని దూది మీద పెట్టి చూపించారు. గోధుమగింజ పొడవు కూడా లేని దారపు పీచు. తెగిపోయి లోపలే ఉండిపోయిందన్నమాట. చిగురు దాని చుట్టూ వాచింది. “ఇది ఫ్లాస్ కాదండీ, బట్టలు కుట్టే దారంలా ఉంది. ఎక్కడ కొన్నారు?” అని ఆవిడ అడిగితే జవాబు చెప్పడానికి నోరు తెరిచే స్థితిలో లేను, రెండు రకాలుగానూ.

నేత వీధిలో పుట్టి పట్టు పేరుతో మోసపోయిన ఘనత నాకే దక్కింది. బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుడి ఆకారాలు వరుసగా నేసే ఫోడా కుంభ అంచు చూసి అది మన మగ్గం మీద దిగినదో కాదో చెప్పగలిగే ఇళ్లు మావి. ఇంటికి రాగానే ఆ పొట్లం మా పెదనాన్న చేతిలో పెట్టాను. ఆయన ఒక పోగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, ఏమీ అనకుండా అగ్గిపెట్టె తెమ్మన్నారు. ముందు మగ్గం కింద పడి ఉన్న అసలు పట్టు పోగును వెలిగించారు. అది మెల్లగా కాలి, మంట తీయగానే ఆరిపోయింది, వెంట్రుకలు కాలిన కంపు వచ్చింది, కొసన మిగిలిన నల్లని మసి వేళ్ల మధ్య పొడి అయింది. తర్వాత 380 రూపాయల దారాన్ని వెలిగించారు. మంట దగ్గరికి రాకముందే అది ముడుచుకుపోయి, కరిగి, కొసన గట్టి పూసలా గడ్డకట్టింది. గోటితో నొక్కినా చితకలేదు. “నైలానో, పాలిస్టరో అయివుంటుంది. పట్టు మాత్రం కాదమ్మా. దీన్నా నువ్వు నోట్లో పెట్టుకున్నావు?” అన్నారు. ఆ చివరి ప్రశ్న ఇంకా చెవిలో ఉంది.

ఇందులో వింత ఏమిటంటే, పళ్లకు పట్టు దారం అనే ఆలోచన అబద్ధమేమీ కాదు. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ పళ్ల వైద్యుడు లీవై స్పియర్ పార్మ్లీ 1815 ప్రాంతంలో పళ్ల మధ్య పట్టు దారంతో శుభ్రం చేసుకోమని చెప్పాడు. ఆ తర్వాత చాలాకాలం ఫ్లాస్ అంటే పట్టే. 1940లలో చార్లెస్ బాస్ అనే వైద్యుడి కృషితో నైలాను దాని స్థానంలోకి వచ్చింది, ఎందుకంటే అది పట్టులా తేలిగ్గా పీచులు లేవదు. నైలాను నోటికి విషమని నా వాదన కాదు. మందుల దుకాణాల్లో దొరికే మామూలు ఫ్లాస్‌లోనూ చాలావరకు నైలానే ఉంటుంది. కాకపోతే దాన్ని పళ్ల సందులో జారేలా సన్నగా, మైనం పూసి తయారుచేస్తారు. అంటే, ‘రంపం’ అని నలుగురి ముందు తిట్టిన సరుకునే, అంతకంటే మోటు రకాన్ని, పట్టు పేరు పెట్టి, ఎక్కువ ధరకు నాకు అంటగట్టారు.

ఇక అసలు ముచ్చట. కాల్చిన ఆ దారపు ముక్కను పూసతో సహా కాగితంలో మడిచి, మిగిలిన పొట్లంతో కొట్టుకు వెళ్లాను. బేరం జోరుగా ఉన్న వేళ. నెమ్మదిగానే చెప్పాను. ఆయన నవ్వుతూ, “సహజమైన వస్తువు ఒక్కొక్కరి ఒంటికి ఒక్కోలా పనిచేస్తుందమ్మా. మీ చిగుళ్లలో ఉన్న విషం బయటికి వస్తోంది, అందుకే వాపు” అన్నారు. విషం సంగతి అలా ఉంచండి, ఇది పట్టేనా అని కాగితం విప్పి ఆ పూస చూపించాను. నవ్వు పోయింది. “పట్టు గురించి మీకేం తెలుసమ్మా? చీర కట్టుకోవడం వేరు, సరుకు తెలియడం వేరు” అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మాట పెగల్లేదు. దానికన్నా అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఆయన వెనక్కి తిరిగి, తూకం దగ్గరున్న కుర్రాడితో ఒడియాలో, మామూలు గొంతుతో, ఈసారి పొట్లాలు అచ్చు వేయించేటప్పుడు ‘పట్టు’ తీసేసి ‘పట్టులాంటి’ అని వేయించమని చెప్పారు. నాకు ఒడియా రాదనుకున్నారో, వస్తే మాత్రం ఏం చేస్తుందిలే అనుకున్నారో తెలియదు. ఒడియా బడిలోనే పదో తరగతి వరకూ చదివిన దాన్ని. ఆ ఒక్క మాటతో అది తెలియక జరిగిన పొరపాటు కాదని తేలిపోయింది. అన్నీ తెలిసే, నా ఎదుటే, నా పీకను కోసిన ‘రంపం’ ఎవరి చేతిలో ఉందో అప్పుడర్థమైంది.

డబ్బు వాపసు అడిగితే, తెరిచిన పొట్లం వెనక్కి తీసుకునేది లేదన్నారు. బిల్లు ఇవ్వలేదు, అడిగితే ఇంత చిన్న వస్తువుకు బిల్లేమిటన్నారు. ఇంటికి వచ్చాక పొట్లాన్ని తిరగేసి చూస్తే ఆకు బొమ్మ, ‘నూటికి నూరు పాళ్లు ప్రకృతి’ అనే మాట తప్ప ఇంకేమీ లేదు. పొట్లం కట్టి అమ్మే సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా, పరిమాణం, గరిష్ఠ ధర, తయారైన నెల, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలని 2011 నాటి నిబంధనలు చెబుతున్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడమూ అనుచిత వ్యాపార పద్ధతులే. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఫోను నంబరు 1915కు ఫిర్యాదు చేశాను. బిల్లు లేకపోయినా ఫోనులో డబ్బు చెల్లించిన వివరం ఉంది. మీరు కూడా ఆ కొట్టులో ఇలా చెల్లించి ఉంటే దాన్ని తుడిచేయకండి, పొట్లాన్ని పారేయకండి.

ఫ్లాస్ క్షేమమేనా అని ఉదయం నుంచి ఫోను చేసి అడుగుతున్నవారికి ఇక్కడే చెప్పేస్తాను. డాక్టరు చెప్పినదాని ప్రకారం మూరెడు దారం తీసుకుని, మధ్యవేళ్లకు చుట్టి, ముందుకూ వెనక్కూ మెల్లగా ఆడిస్తూ దింపాలి, టప్‌మని నొక్కకూడదు, కిందికి దిగాక పన్నును చుట్టినట్టు వంచి పైకి లాగాలి. మరీ నున్నగా జారే ఒక రకం ఫ్లాస్‌లో ఫ్లోరిన్ సంబంధమైన రసాయనాలు ఉంటాయనీ, వాటిని వాడిన స్త్రీల రక్తంలో ఆ జాతి రసాయనం ఒకటి ఎక్కువగా కనిపించిందనీ 2019లో ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. దానివల్లే పెరిగిందని అది నిరూపించలేదు గాని, అనుమానం ఉన్నవారు మైనం పూసిన మామూలు నైలాను ఫ్లాస్ తీసుకుంటే సరిపోతుంది. వేప పుల్ల, కానుగ పుల్ల వాడేవారు నిక్షేపంగా వాడుకోండి, కొస బాగా నమిలి మెత్తబడ్డాక తోమండి, అయితే సందుల్లోకి అవి కూడా వెళ్లవు. నువ్వుల నూనె పుక్కిలించడమూ అంతే, బ్రష్షు పనిని అది చేయదు.

ఆ కొట్టులోనే అమ్మే ఎర్ర పళ్లపొడి గురించి ఒక మాట. చెంచాడు పొడిని గాజు గ్లాసు నీళ్లలో కలిపి వదిలేస్తే అడుగున పేరుకున్న మడ్డి చెంచా తగిలి ఇసుకలా గరగరలాడింది. పంటిపై పెంకు అరిగితే మళ్లీ పెరగదు. పొట్లం మీద ఏమేం కలిపారో రాసి లేదు. పొగాకు కలిపిన పళ్లపొడులనూ, పేస్టులనూ మన దేశంలో 1992లోనే నిషేధించారు, అయినా గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్లు తోముకునేవారు ఒడిశాలో ఇప్పటికీ ఉన్నారు. కాబట్టి కలిపిన వస్తువుల పట్టిక, లైసెన్సు నంబరు లేని ఏ పొడినీ పిల్లల నోట్లో పెట్టకండి.