అమలాపురంలో ఆరేళ్ళుగా వింటున్న ‘ది లాస్ ఆఫ్ జాజ్’

అమెరికన్ జాజ్ ఫ్లూట్ విద్వాంసుడు హ్యూబర్ట్ లాస్ తొలి ఆల్బమ్ ‘ది లాస్ ఆఫ్ జాజ్’ను అట్లాంటిక్ సంస్థ 1964లో విడుదల చేసింది. దాని పాత ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) ఒకటి ఆరేళ్ళ క్రితం నా చేతికి అందింది. అప్పటినుంచి అమలాపురంలోని మా మేడగదిలో వారానికి ఒకసారైనా దాన్ని వింటూనే ఉన్నాను.

చిన్నతనంలో వెదురు వేణువు నేర్చుకున్నవాణ్ణి కావడంతో మొదట నా చెవి ఇందులో గమకం కోసమే వెతికింది. వెదురు మీద వేలు నేరుగా రంధ్రాన్ని తాకుతుంది కాబట్టి దాన్ని కాస్త జారిస్తే చాలు, స్వరం వంగుతుంది. లాస్ వాయించే లోహపు ఫ్లూట్‌లో వేళ్ళు మీటలను నొక్కుతాయి కనుక ఆ పనిలో ఎక్కువ భాగం పెదవులూ ఊపిరీ చెయ్యాలి. ఈ తేడా తలకెక్కడానికి నాకు ఏడాది పట్టింది. ఆ తరువాతే మంద్రస్థాయిలో స్వరం అంచున మిగిలే ఊపిరి చప్పుడు నాకు అందంగా వినిపించసాగింది. న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయంలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం అభ్యసించిన మనిషి బ్లూస్ వాయిస్తున్నప్పుడు కూడా ఎక్కడా స్వరశుద్ధి సడలనివ్వకపోవడం నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం.

ఇందులో పియానో వాయించిన అర్మాండో కొరియా తరువాతి కాలంలో చిక్ కొరియాగా ప్రసిద్ధుడైన జాజ్ పియానిస్టే. రిచర్డ్ డేవిస్ వాయించిన బాస్ (అడుగు స్వరాలు పలికే పెద్ద తంత్రీవాద్యం) మాత్రం చిన్న స్పీకర్లలో సగం కూడా దక్కదు. ఇందులోని ఒక పాటకున్న ‘బ్లాక్ ఐడ్ పీస్ అండ్ రైస్’ అన్న పేరుకు అర్థం బొబ్బర్లూ అన్నమూ అని తెలిశాక మా ఇంట్లో అందరికీ ఆ పాట దగ్గరైంది.

కోనసీమ చెమ్మ రికార్డులకు మంచిది కాదు. రెండో వర్షాకాలం ముగిసేసరికి రికార్డు గాళ్ళ (సూది నడిచే సన్నని చాళ్ళ) మీద తెల్లటి బూజు చుక్కలు కనిపించాయి, పాట వెనుక చిటపటలు మొదలయ్యాయి. డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తని గుడ్డను తడిపి, గాళ్ళ వెంబడే గుండ్రంగా తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాక చాలావరకు తగ్గాయి. చెమ్మ పీల్చే పాత కాగితపు సంచిని తీసేసి, రికార్డును నిలువుగానే ఉంచుతున్నాను.

రెండో వైపు చివరికి వచ్చేసరికి ఫ్లూట్ పైస్వరాలు గీరుకుపోయేవి. పళ్ళెం ఒకే వేగంతో తిరిగినా లేబుల్ దగ్గర చుట్టు చిన్నది కావడంతో, క్షణానికి సూది కింద సాగే గాడి పొడవు తగ్గుతుంది. అరిగిన సూది అక్కడి సన్నని మలుపులను అందుకోలేదు. తప్పు రికార్డుదేననుకుని చాలాకాలం బాధపడ్డాను. నిరుడు సూది మార్చాను. ఆ వైపు చివరిదాకా ఫ్లూట్ తేటగా వినిపించింది.