కారుణ్య నియామకం: తల్లి చేరడం మేలా, పిల్లలకు వదలడం మేలా?

పెద్దకర్మ అయిన మర్నాడే ఇంట్లో ఒక మాట మొదలవుతుంది. "ఉద్యోగం పిల్లాడి పేరున పెట్టుకుందాం వదినా, మీరు ఆఫీసులో ఫైళ్లు మోస్తే ఏం బాగుంటుంది?" అంటాడు మరిది. అత్తగారు తలూపుతుంది. సర్వీసులో ఉండగా ఉద్యోగి పోతే అతని కుటుంబంలో ఒకరికి ప్రభుత్వం ఇచ్చే ఉద్యోగం, అంటే కారుణ్య నియామకం గురించే ఈ మాట. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ప్రభుత్వోద్యోగి పోయిన ఇళ్లలో తరచుగా వినిపించే సలహా ఇది. ప్రేమతో చెప్పినా చాలాసార్లు కొంప ముంచేది కూడా ఇదే.

చంద్రగిరిలో ఒక కుటుంబం ఉందనుకుందాం. భర్త మండల రెవెన్యూ కార్యాలయంలో పనిచేస్తూ గుండెపోటుతో పోయాడు. భార్యకు 38 ఏళ్లు, చదువు పదో తరగతి. కూతురికి 20, డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. కొడుకుకు 15.

ముందు కొడుకు సంగతి తేల్చేద్దాం. రాష్ట్ర నిబంధన ప్రకారం ఉద్యోగి మరణించిన ఏడాదిలోగా దరఖాస్తు చేయాలి. మైనరు బిడ్డ కోసం ఆగాలంటే, మరణించిన తేదీ నుంచి రెండేళ్లలోపు ఆ బిడ్డకు 18 నిండాలి. ఈ అబ్బాయికి మూడేళ్లు కావాలి. అంటే అతని కోసం ఆగితే ఉద్యోగం ఎవరికీ రాదు. రైల్వేలో, రేణిగుంటలోనో సెట్టిపల్లి కోచ్ వర్క్‌షాపులోనో పనిచేసే బంధువు "మావాళ్లు పిల్లాడు పెద్దయ్యాకే ఇప్పించుకున్నారు" అని చెప్పవచ్చు. అది నిజమే కావచ్చు. రైల్వేలో మైనరు పిల్లల కోసం ఆగే వెసులుబాటు ఎక్కువ. ఆ లెక్క రెవెన్యూ శాఖలో చెల్లదు.

అసలు పోటీ తల్లికీ కూతురికీ మధ్యే. ఇక్కడ కూతురి పక్షం బలమైనదే. డిగ్రీ చేతికొస్తే ఆమె జూనియర్ అసిస్టెంట్ కాగలదు. 2022 వేతన స్కేళ్లలో ఆ పోస్టు మూలవేతనం 25,220 రూపాయలతో మొదలవుతుంది. పదో తరగతి చదివిన తల్లికి దక్కేది ఆఫీస్ సబార్డినేట్ (అటెండర్) పోస్టు, మూలవేతనం 20,000. పైగా ఒకసారి కింది పోస్టులో చేరాక, పై పోస్టుకు అర్హత ఉందంటూ మళ్లీ కారుణ్యం కింద అడగడం కుదరదని సుప్రీంకోర్టు 1994లోనే తేల్చింది. ఆ తర్వాత పైకి వెళ్లాలంటే పదోన్నతి ఒక్కటే మార్గం.

ఇంత చూసినా నా ఓటు తల్లికే. కూతురు రేపు గ్రూప్ పరీక్షలు రాయగలదు, బ్యాంకు పరీక్షలు రాయగలదు, తిరుపతిలోనే ఏదో ఒక కంపెనీలో చేరగలదు. 38 ఏళ్ల తల్లికి నెలనెలా జీతం వచ్చే తలుపు ఇదొక్కటే తెరుచుకుంటుంది. భార్యకు ఆఫీస్ సబార్డినేట్ లాంటి చివరి శ్రేణి పోస్టు విషయంలో 45 ఏళ్ల వరకు వయసు సడలింపు ఉంది. పదవీ విరమణ వయసు 62 కాబట్టి ఆమెకు 24 ఏళ్ల సర్వీసు మిగులుతుంది. కరువు భత్యం, ఇంటి అద్దె కలపకుండానే మొదటి ఏడాది జీతం 2,40,000 రూపాయలు. పిల్లలు పెళ్లిళ్లయి ఎటు వెళ్లినా ఆ జీతం ఆమె చేతిలోనే ఉంటుంది. ఉద్యోగం పొందినవారు మిగతా కుటుంబాన్ని పోషించాలన్న షరతు ఉన్నా, కూతురి అత్తవారింటి ముందు దాన్ని అమలు చేయించుకునే ఓపిక ఏ తల్లికి ఉంటుంది?

భార్యగా ఆమెకు వచ్చే కుటుంబ పింఛను ఉద్యోగంలో చేరినంత మాత్రాన పోదు. దాని మీద వచ్చే కరువు భృతి సంగతి మాత్రం ఖజానా కార్యాలయంలో ముందే అడగాలి. భర్త 2004 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ చేరినవాడైతే సీపీఎస్ (ఉద్యోగి జీతంలోంచి కూడా వాటా కట్టే పింఛను పథకం) కిందకు వస్తాడు కనుక పింఛను విషయమూ అక్కడే విడిగా తేల్చుకోవాలి.

తల్లికి 45 దాటినా, ఆరోగ్యం సహకరించకపోయినా కూతురినే పంపాలి, అదీ పెళ్లి కాకముందే. పెళ్లయిన కూతురికి దారి ఇరుకు. ఆమె ఏకైక సంతానమై, తండ్రి మీదే ఆధారపడి, తల్లి తనకు ఉద్యోగం వద్దంటేనే పరిశీలించాలని రాష్ట్రం 1999లో ఉత్తర్వు ఇచ్చింది. పొరుగున కర్ణాటక హైకోర్టు 2020లో పెళ్లి పేరుతో కూతురిని పక్కన పెట్టడం వివక్షేనని తీర్పు చెప్పింది. కానీ ఇల్లు గడవని వేళ కోర్టు మెట్లెక్కి గెలవడమే మరో ఉద్యోగమంత పని.

ఎక్స్‌గ్రేషియా, అంటే ఉద్యోగానికి బదులు ఒకేసారి ఇచ్చే సొమ్ము మాట కూడా వస్తుంది. ఉద్యోగానికి అర్హులు ఎవరూ లేని ఇంటికి అది ఆసరా. అర్హులుండగా దానికి మొగ్గితే అప్పులవాళ్లకూ ఆడపిల్ల పెళ్లికీ చెల్లిపోయి ఏడాదికే చేతులు ఖాళీ అవుతాయి.

ఎవరు చేరాలో తేలేవరకు ఉద్యోగం మరొకరికి ఇస్తే తనకు అభ్యంతరం లేదని రాసిచ్చే నిరభ్యంతర పత్రం మీద తల్లి సంతకం పెట్టకూడదు. మరిది తెచ్చిన తెల్ల కాగితం మీద అసలే పెట్టకూడదు. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చేతికి రాగానే దరఖాస్తును భర్త పనిచేసిన కార్యాలయ అధికారికే ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ఏడాది గడువు దాటలేదనడానికి రుజువు ఆ ముద్రే.