పసికందుకు కామెర్లు: ఎండ మేలా, నీలి దీపం మేలా?

నెలలు నిండి పుట్టిన శిశువుల్లో సుమారు 60 శాతం మందికి మొదటి వారంలో కామెర్లు కనిపిస్తాయి. నెలలు నిండకుండా పుడితే ఇంకా ఎక్కువ. చాలామందిలో వాటంతట అవే తగ్గిపోతాయి. పసుపు రోజురోజుకూ ముదురుతుంటేనే ఇంట్లో వాదన మొదలవుతుంది: ఎండలో పెడదామా, ఆసుపత్రిలో లైటు కింద పెట్టిద్దామా?

ఎండ చూపించమనే పెద్దవాళ్ల మాట ఉత్తిది కాదు. 1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ జీన్ వార్డ్ నెలలు నిండని శిశువులను ఆవరణలోకి తీసుకెళ్లి ఎండ తగలనిచ్చేవారు. ఒక బిడ్డకు వెలుతురు తగిలిన ఒళ్లంతా తేటపడి, దుప్పటి అంచు కప్పిన చోట మాత్రం పసుపు అలాగే నిలిచిపోయింది. ఫోటోథెరపీకి, అంటే కాంతితో చేసే చికిత్సకు, దారి చూపింది ఆ మచ్చే.

తేడా అంతా మోతాదులో ఉంది. కామెర్ల పసుపుకు కారణం రక్తంలో పెరిగే బిలిరుబిన్ అనే పదార్థం. దాన్ని ఒంట్లోంచి సులువుగా బయటికి పోయే రూపంలోకి మార్చేది ముఖ్యంగా 460-490 నానోమీటర్ల నీలి కాంతి. దీపం ఆ కాంతినే దగ్గరి నుంచి, రాత్రీ పగలూ ఇస్తుంది. ఎండలో దానితోపాటు వేడి, అతినీలలోహిత కిరణాలు కూడా ఉంటాయి. బట్టలు తీస్తే చర్మం కమిలిపోవచ్చు, ఒంట్లో నీరు తగ్గవచ్చు, గాలి చల్లగా ఉంటే బిడ్డ చల్లబడిపోవచ్చు. బట్టలతో ఉంచితే అందే కాంతి కొంచెమే.

నన్ను ఎక్కువగా భయపెట్టేది మాత్రం 'రెండు రోజులు ఎండ చూపించి చూద్దాం' అనే మాట. ఆ రెండు రోజుల్లో బిలిరుబిన్ మెదడుకు చేరితే వినికిడి పోవచ్చు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) రావచ్చు. ఆ నష్టం తిరిగి పూడదు.

అందుకే చికిత్స అవసరమైన బిడ్డకు దీపమే మేలు. కళ్లకు గంతలు చూసి తల్లి మనసు కలుక్కుమంటుంది, నిజమే. కానీ ఆ గంతలు కళ్ల రక్షణకే. సాధారణంగా మధ్యమధ్య బయటికి తీసి పాలివ్వవచ్చు, ఇవ్వాలి కూడా. అలాగని పసుపు కనిపించిన ప్రతి బిడ్డకూ దీపం అక్కర్లేదు. రక్తపరీక్షలో వచ్చిన అంకెను, బిడ్డ పుట్టి ఎన్ని గంటలైందో దానితో కలిపి చూసి వైద్యులు నిర్ణయిస్తారు. కంటి అంచనా మోసం చేస్తుంది, చర్మం రంగు ముదురుగా ఉంటే మరీను. చిగుళ్లు, కంటి తెల్లగుడ్డు చూడండి.

పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనిపించినా, అరచేతులకూ అరికాళ్లకూ పాకినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా, కీచుగా ఏడుస్తూ వెన్ను విల్లులా వంచినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బిలిరుబిన్ ప్రమాదకరంగా పెరిగితే రక్తమార్పిడి కూడా అవసరం కావచ్చు.

ఎండ, దీపం రెండూ పనికిరాని కామెర్లు ఒకటుంది. రెండు వారాలు దాటినా పసుపు పోక, మలం సున్నంలా తెల్లబారి, మూత్రం ముదురు రంగులో వస్తుంటే పైత్యరస నాళాలు మూసుకుపోయి ఉండవచ్చు. దానికి ఆపరేషన్ కావాలి, అదీ పుట్టిన 60 రోజుల్లోపు జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది.