విండోస్ 10 తర్వాత ఏది మేలు: పదకొండా, మింటా, ఉన్నదేనా?

మా బాబాయికి డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. షాపులో కంప్యూటర్ 2016లో కొన్నది, ఇంటెల్ ఆరో తరం ఐ3 ప్రాసెసర్. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయని తెలిసి, "ఏరా, ఇప్పుడు ఫార్మాట్ కొట్టించాలా?" అని ఫోన్ చేశాడు. మా ఇంట్లో ఉన్నదీ ఆ వయసుదే. కానీ రెండింటికీ ఒకే జవాబు దొరకలేదు.

ముందు విండోస్ 11. ఇంటెల్ ప్రాసెసర్ అయితే సుమారుగా ఎనిమిదో తరం నుంచి పైకి ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. అవి ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, ఇదే మేలు. పాతదాని మీదే అప్‌గ్రేడ్ చేస్తే ఫైళ్లు, ప్రోగ్రాములు ఉన్నచోటే ఉంటాయి. నచ్చకపోతే పది రోజుల్లోపు వెనక్కి వెళ్లవచ్చు. ఒక్క విషయం మాత్రం చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే చాలా కంప్యూటర్లలో డిస్క్‌కు తనంతట తనే తాళం పడుతుంది. ఆ తాళంచెవి, అంటే 48 అంకెల రికవరీ కీ, మీ అకౌంట్లో ఉంటుంది. రిపేరు షాపువాడు తన ఈమెయిల్‌తో ఇన్‌స్టాల్ చేసి ఇస్తే కీ వాడి దగ్గరే ఉండిపోతుంది. అందుకే మీ అకౌంటుతోనే చేయించి, కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

అర్హత లేని కంప్యూటర్లో అడ్డదారిన 11 ఎక్కించేవాళ్లున్నారు. నడుస్తుంది కూడా. కానీ అలాంటివాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఏ అప్‌డేట్ల కోసం మారుతున్నామో వాటికే హామీ లేకపోతే ఆ శ్రమ దేనికి?

ఇక లినక్స్ మింట్, విండోస్ బదులు వేసుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. దాని 22 సిరీస్‌కు 2029 దాకా అప్‌డేట్లున్నాయి, 4 జీబీ ర్యామ్‌తో సరిపెట్టుకుంటుంది. దీనిలో నాకు బాగా నచ్చింది, ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడగలగడం. వైఫై వస్తోందా, ప్రింటర్ కదులుతోందా, తెలుగు సరిగా కనిపిస్తోందా అని ఓ గంట చూసుకోవచ్చు. యూనికోడ్ తెలుగుకు, అంటే ఫోన్లలో, వెబ్‌సైట్లలో కనిపించే తెలుగుకు ఏ ఇబ్బందీ లేదు, టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డూ ఉంది. చిక్కంతా డీటీపీవాళ్లు వాడే, యూనికోడ్ కాని అను ఫాంట్లతో. బాబాయి దగ్గర పేజీలు అమర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో అను ఫాంట్లతో చేసిన ఫైళ్లు పదేళ్లవి ఉన్నాయి. ఆ ఫాంట్ లేకుండా తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. పేజ్‌మేకర్‌కు లినక్స్ వెర్షనే లేదు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ (Wine) ద్వారా నడిపించవచ్చంటారు గానీ, రేపు ఉదయానికి శుభలేఖ ఇవ్వాల్సినవాడు దాన్ని నమ్ముకోలేడు. ఖాతా లెక్కల ప్రోగ్రాము టాలీ వాడే షాపులదీ ఇదే పరిస్థితి.

ఏది ఎంచుకున్నా, మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మాత్రం డి డ్రైవ్ దగ్గర. "ఫొటోలన్నీ డిలో ఉన్నాయిలే, ఫార్మాట్ కొడితే సీ ఒక్కటే పోతుంది" అనుకుంటాం. సీ, డి చాలాసార్లు ఒకే డిస్క్‌లోని రెండు గదులు. మింట్ ఇన్‌స్టాలర్లో మొత్తం డిస్క్ చెరిపేసే ఎంపిక నొక్కితే రెండూ పోతాయి. ఈ పాఠం నేను మా అక్క పెళ్లి ఫొటోలు పోగొట్టి నేర్చుకున్నాను. ఆమె ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. బ్యాకప్ అంటే బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని వేరే కంప్యూటర్లో తెరిచి చూడడం.

విండోస్, మింట్ రెండూ ఉంచుకుందామంటే, కుదిరితే మింట్‌కు వేరే డిస్క్ (ఎస్ఎస్‌డీ) పెట్టండి. విండోస్‌లో కంప్యూటర్ త్వరగా ఆన్ కావడానికి ఉండే ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ ఆపేయండి, లేదంటే మింట్ నుంచి ఆ డ్రైవ్‌లో ఫైళ్లు సేవ్ కాకపోవచ్చు. మింట్ వాడి విండోస్‌కు వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తుంది. టెన్షన్ పడకండి, బ్యాటరీ పోలేదు. రెండూ టైమును లెక్కపెట్టే తీరులో తేడా, అంతే.

చివరికి మా ఇంటి కంప్యూటర్లో మింట్ వేశాను. అమ్మ యూట్యూబ్‌కు, మా వాడి హోంవర్క్‌కు అది చాలు. బాబాయి షాపులో విండోస్ 10నే ఉంచాం. ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది గానీ, అది షాపులకు ఉద్దేశించింది కాదు. అందుకే నెట్ కేబుల్ పీకేశాం. వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్‌ను పక్కనున్న పాత ల్యాప్‌టాప్‌లో మింట్ మీద దించి, పెన్‌డ్రైవ్‌తో మారుస్తాడు. ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టానా అని రోజుకు నాలుగుసార్లు వెతుక్కుంటూ నన్ను తిట్టుకుంటాడట.