సేలంలో హాలోవీన్ పార్టీ టికెట్లు బయట కొనేవాళ్ళు ఆగండి, ఇది చదివి కొనండి

బోస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళ కోసం రాస్తున్నా. అక్టోబర్ వస్తే చాలు అందరం ఇక్కడి సేలం ఊరికి ప్లాన్ వేస్తాం కదా, పోయినేడు మేమూ వేశాం, 330 డాలర్లు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచితే పిలవని పేరంటానికి వచ్చినవాళ్ళలా గేటు దగ్గర నిలబడ్డాం చూడండి, ఆ బాధ ఇంకా పోలేదు.

తెలియనివాళ్ళకి, 1692లో మంత్రగత్తెలని నింద వేసి 19 మందిని ఉరి తీసిన ఊరు ఇది, జైల్స్ కోరీ అనే ముసలాయన్నైతే ఒంటి మీద బండలు పేర్చి చంపారు. ఇప్పుడు ఒక్క అక్టోబర్‌లోనే 10 లక్షల మంది పైగా వస్తున్నారు. పాత బంగళాల్లో దెయ్యాల పార్టీలకి టికెట్లు ఎప్పుడో అయిపోతాయి, అక్కడే ఈ మోసగాళ్ళకి సందు దొరుకుతోంది.

మా ఆవిడకి, మా మరదలికి అలాంటి ఒక పార్టీకి వెళ్ళాలని చాలా కోరిక. సైట్‌లో చూస్తే సోల్డ్ అవుట్. ఒక గ్రూప్‌లో ఒకతను 3 టికెట్లు ఉన్నాయని పెట్టాడు, కాల్ చేస్తే చక్కటి తెలుగు, "అన్నా మా పాపకి జ్వరం, వెళ్ళలేకపోతున్నాం, మీరైనా ఎంజాయ్ చేయండి, కొన్న రేటుకే ఇచ్చేస్తా" అన్నాడు. పాపకి ఎలా ఉంది అని నేనే రెండుసార్లు అడిగాను. జెల్ (బ్యాంక్ ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) చెయ్యమన్నాడు, చేశాను, 5 నిమిషాల్లో పీడీఎఫ్ పంపాడు, క్యూఆర్ కోడ్, ఆర్డర్ నంబర్, బంగళా ఫోటో అన్నీ ఉన్నాయి, నిజం టికెట్ కాదని ఎవరనుకుంటారు?

నిజానికి అది నిజం టికెట్టే, అసలు కిటుకు అక్కడే ఉంది. అదే పీడీఎఫ్‌ని ఎంతమందికి అమ్మాడో! క్యూఆర్ బొమ్మ ఎన్ని ఫోన్లలో ఉన్నా ఒకటే, ముందు ఎవరు స్కాన్ చేయిస్తే వాళ్ళు లోపలికి, మిగతావాళ్ళు బయట.

పార్కింగ్ దొరకదని నార్త్ స్టేషన్ నుంచి ట్రైన్‌లో వెళ్ళాం, అరగంట ప్రయాణం, బోగీ నిండా టోపీలు చీపుర్లు. మా మరదలు మన కామినీ దెయ్యంలా తెల్లచీర కట్టుకుని జుట్టు విరబోసుకుంది, ఇండియా నుంచి తెప్పించుకున్న కాటన్ చీర. గేటు దగ్గర నల్ల ముసుగు వేసుకున్న అమ్మాయి ఫోన్ స్కాన్ చేసింది, ఎర్ర లైట్ వెలిగింది, మళ్ళీ చేసింది, మళ్ళీ ఎరుపే. "ఈ టికెట్ మీద 7:42కే లోపలికి వెళ్ళిపోయారు" అంది. మేము వెళ్ళింది 8:10కి. పక్కనే ఇంకో జంట, వాళ్ళదీ ఇదే గోల, రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఆర్డర్ నంబర్ చివరి అంకె దాకా ఒకటే! వాళ్ళకీ పాపకి జ్వరం కథే చెప్పాడట. లోపల పాటలు, కిటికీల్లో దీపాలు, బయట చలికి మా మరదలు నా జాకెట్ కప్పుకుని ఏడుపు ఆపుకుంటోంది. ఆ అమ్మాయిని ఏమీ అనలేం, చాలా మర్యాదగానే చెప్పింది.

బ్యాంక్‌కి ఫోన్ చేస్తే మీ చేత్తో మీరే పంపారు కాబట్టి వెనక్కి రాదన్నారు. క్రెడిట్ కార్డ్ అయ్యుంటే స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు డిస్ప్యూట్ వేసే హక్కు ఉండేది. కార్డ్ వద్దు, జెల్ మాత్రమే అన్నారంటే అక్కడే ఫోన్ పెట్టేయండి. స్క్రీన్‌షాట్, పీడీఎఫ్ ఎవరు పంపినా తీసుకోకండి, టికెట్ కొన్న యాప్‌లోనే మీ పేరు మీదకి ట్రాన్స్‌ఫర్ చెయ్యమనండి, అలా చేస్తే మామూలుగా అమ్మినవాడి దగ్గరున్న కోడ్ పనిచెయ్యదు. ట్రాన్స్‌ఫర్ ఆప్షన్ లేని పార్టీ అయితే నిర్వాహకులకే మెయిల్ పెట్టి పేరు మార్చమని అడగండి, కుదరదంటే ఆ టికెట్ వదిలేయండి. తెలుగువాడే కదా అని మాత్రం నమ్మకండి, నేను నమ్మింది దాన్నే.

ఎఫ్‌టీసీకి (ఇలాంటి మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ), లోకల్ పోలీసులకి కంప్లైంట్ ఇచ్చాను, ఆ జంట కూడా ఇచ్చారు. జ్వరం పాప కథ విని మీరెవరైనా కొనుంటే ఆ పీడీఎఫ్, పేమెంట్ రసీదు డిలీట్ చెయ్యకండి, నాకు మెసేజ్ పెట్టండి, ఆర్డర్ నంబర్ కలిస్తే అదే కంప్లైంట్‌లో మీదీ చేర్పిస్తా.