ఫోనా, వేరే గిన్నా, అందరితో కంచమా: అన్నానికి మొరాయించే పిల్లకి ఏది మేలు?

మా పాపకి రెండున్నరేళ్లు. ముద్ద నోట్లో పెడితే నమలదు, మింగదు, బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది. కంచంలో కలిపిన అన్నం ఎండిపోతుంది గానీ ఆ బుగ్గ దిగదు. ఆఖరికి ఎవరి కొంగులోనో ఉమ్మేస్తుంది. "గుంటకి దిష్టి తగిలిందమ్మా, ఏటీ తినట్లేదు" అని మా అత్తయ్య వారానికి రెండుసార్లు ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేస్తారు. దిష్టి సంగతి నాకు తెలీదు గానీ, ఈ ఏడాదిలో విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో మూడు పద్ధతులు నడిచాయి. ఏది ఎంతవరకు పనికొచ్చిందో చెప్తాను.

ముందు ఒక లెక్క. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ మొదటి ఏడాదికి తొమ్మిది కిలోల దాకా వస్తుంది. అంటే ఆరు కిలోలు పెరిగినట్టు. రెండో ఏడాదిలో పెరిగేది రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించాక ఆకలీ తగ్గుతుంది కదా. "నిన్నటిదాకా గిన్నెడు తినేది, ఇప్పుడేమైంది" అని మనం కంగారు పడేది సరిగ్గా ఈ వయసులోనే. కొత్త వంటకం చూస్తే మొహం తిప్పుకోవడం కూడా రెండో ఏట మొదలై ఐదారేళ్ల దాకా ఉండేదే.

ఫోనుతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరం అక్కడే మొదలుపెడతాం. మొదట్లో అత్తయ్య పాపని చంకనేసుకుని బాల్కనీలో తిరుగుతూ కాకిని, కింద కుక్కని చూపిస్తూ తినిపించేవారు. మోకాళ్లు మొరాయించాక ఆ పని ఫోను అందుకుంది. నిజం చెప్పాలంటే ఇంతకంటే సులువైన దారి లేదు. నోరు దానంతట అదే తెరుచుకుంటుంది, కంచం ఖాళీ అవుతుంది. ఒకరోజు పప్పులో ఉప్పు వేయడం మర్చిపోయాను. ఆ చప్పిడి పప్పన్నం మొత్తం తినేసింది. నేను తినడానికి కూర్చున్నాక గానీ ఆ సంగతి తెలియలేదు. ఎంత భయమేసిందో! ఆ పిల్లకి తను ఏం తింటోందో తెలియడం లేదు, కడుపు నిండిందో లేదో కూడా తెలియడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి స్క్రీన్ రోజు మొత్తం మీద గంట దాటకూడదు. పూటకి అరగంట చొప్పున మూడు పూటలంటే గంటన్నర, ఒక్క తిండికే. బాల్కనీ షికారూ ఏమార్చి తినిపించే పద్ధతే అయినా, అందులో కనీసం ఒక మనిషి మాట్లాడుతూ ఉంటారు. రెండింట్లో ఒకటే దిక్కనుకుంటే నేను కాకికే ఓటేస్తాను.

రెండోది వేరే గిన్నె. పిల్లకి నచ్చింది పిల్లకి, మనది మనకి. మేం ఎక్కువ కాలం నడిపింది ఇదే, గట్టిగా దెబ్బతిన్నదీ ఇక్కడే. మా పాపకి వంజరం వేపుడు నచ్చింది. ముల్లు తక్కువ, కొంచెం ఉప్పూ పసుపూ రాసి పెనం మీద వేస్తే పది నిమిషాల పని. మా ఆయన ఆదివారం ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్లి ముక్కలు కొట్టించి తెస్తే వారమంతా డీప్ ఫ్రీజర్‌లో ఉండేవి. పప్పు వద్దంటే చేప, కూర వద్దంటే చేప. పిల్ల తింటోందన్న సంతోషంలో మిగతావి పెట్టడమే మానేశాం. అలా నెలలు గడిచేసరికి పప్పు, గుడ్డు, ఇడ్లీ ఒక్కొక్కటే జారిపోయి, అన్నం, వంజరం, పెరుగు మిగిలాయి. ఇంతలో ఏప్రిల్ 15 వచ్చింది. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం కదా, ఉండాల్సిందే. కానీ తాజా వంజరం కరువైంది, దొరికిన ఐసు ముక్క వాసన మా మేడమ్‌కి నచ్చలేదు. కంచం తోసేసింది. ఆ 61 రోజులు మా ఇంట్లో జరిగిన బతిమాలుడు వర్ణించలేను.

వేరే గిన్నె తప్పని నేననను. పళ్లు రాని పిల్లకీ, ఒంట్లో బాగోలేని పిల్లకీ వేరేగా వండాల్సిందే. ఆరోగ్యంగా ఉన్న పిల్లకి మాత్రం ఒద్దన్న ప్రతిసారీ ఇంకొకటి వస్తుందని తెలిస్తే, ఒద్దనడమే అలవాటవుతుంది. పైగా వండే మనిషి నడుము విరుగుతుంది. దాన్నెవరూ లెక్కలో వేయరు.

మూడోది అందరితో కంచం. దీని వెనక ఒక మాట ఉంది. ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు చెప్పింది: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల పని. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల పని. ఇది చెప్తే అత్తయ్య "అయితే పిల్లని పస్తు పెడతావేటి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. పస్తు కాదు. కంచంలో తనకి తెలిసినది ఒకటి తప్పకుండా ఉండాలి, మా ఇంట్లో అది పెరుగన్నం. దాని పక్కన మేం తినేదే, రెండు చెంచాలు. అంతకంటే ఎక్కువ పెడితే చూసే భయపడుతుంది.

కిటుకంతా పొయ్యి దగ్గరుంది. పప్పు ఉడికాక కారం, పోపు పడకముందే గరిటెడు తీసి పక్కన పెడతాను. బెండకాయ వేపుడులో కారం ఎలాగూ ఆఖర్న చల్లేదే కాబట్టి నాలుగు ముక్కలు ముందే తీస్తాను. ఆనపకాయ పాలు పోసి వండితే ఆ తీయడం కూడా అక్కర్లేదు, రెండు పచ్చిమిరపకాయలు ఏరేస్తే చాలు. ఇల్లంతటికీ ఒకే వంట.

బెండకాయ మొదటిరోజు కింద పడింది. రెండోరోజు గింజలు ఒక్కొక్కటీ వేలితో ఊడదీసి కంచం అంచున వరసగా పెట్టింది. తర్వాత నాలుకతో తాకి "యాక్" అంది. తర్వాత నమిలి ఉమ్మేసింది. మింగేసరికి పదకొండోసారి. కొత్త రుచి అలవాటవడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు పడుతుందని పోషకాహార నిపుణులు చెప్పేది అబద్ధం కాదు. మనం మూడోసారికే "దీనికి పడదు" అని తీర్పు ఇచ్చేస్తాం. ఈ పదకొండుసార్లూ ఎవరూ "తిను" అనకుండా ఉండటమే కష్టం. మా ఆయన "నాన్నకో ముద్ద" అని అలవాటుగా మొదలుపెడితే బల్ల కింద కాలు తొక్కాల్సి వచ్చింది.

మొదటి వారం ఘోరం. రాత్రి రెండు గంటలకి ఆకలని లేచింది, అత్తయ్య గ్లాసుడు పాలు పట్టేశారు. అప్పుడే అసలు దొంగ దొరికాడు. రోజు మొత్తం మీద పాలు కొలిస్తే 800 మిల్లీలీటర్ల దాకా తాగుతోంది! ఈ వయసుకి అర లీటరు దాటకూడదు. పాలతో కడుపు నిండితే అన్నం ఎక్కడికి వెళ్తుంది? పాలలో ఐరన్ చాలా తక్కువ కూడాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. రాత్రి పాలు మానిపించి, సాయంత్రం బిస్కెట్లు, జంతికలు ఆపేసి, తిండికీ తిండికీ మధ్య రెండున్నర గంటలు వదిలాం. సగం పేచీ అక్కడే తీరింది. నన్నడిగితే పద్ధతి మార్చేముందు పాలు కొలవండి.

ఈ అందరితో కంచానికీ ఇబ్బందులున్నాయి. నేల తుడవలేక చచ్చిపోతాం, పాత పేపర్లు పరిస్తే కొంత నయం. మా ఆయనకి మధ్యాహ్నం షిఫ్టు పడితే ఇంటికి చేరేసరికి పదిన్నర, కాబట్టి ఆ వారాల్లో "అందరం" అంటే ముగ్గురమే, ఏడున్నరకి కూర్చుంటాం. పెద్దలు తినే ప్రతిదీ ఇవ్వడానికీ లేదు. బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ కొంటే మరమరాలు మాత్రమే తన చేతికిస్తాను. పల్లీ గుండ్లు, కోయని ద్రాక్ష ఈ వయసులో గొంతుకి అడ్డం పడతాయి.

బరువు తగ్గుతున్నా, ప్రతి ముద్దకీ పొలమారుతున్నా, మెత్తటివి తప్ప ఏదీ నోట్లో పెట్టనివ్వకపోయినా ఈ పద్ధతులేవీ ప్రయత్నించకుండా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అంగన్‌వాడీ కార్డులో బరువు గీత పైకి పోతుంటే మాత్రం ఒక పూట తినకపోయినా కొంప మునగదు.

మా పాప వంకాయ ఇంకా ముట్టలేదు. అత్తయ్య ఆదివారం రాత్రి మేడ మీదికి తీసుకెళ్లి గోరుముద్దలు తినిపిస్తారు, నా రూల్‌కి విరుద్ధమే. నేను అడ్డు చెప్పడం మానేశాను. ఆ పూట ఇద్దరికీ అదో సరదా. ఫోను మాత్రం భోజనాల వేళ ఫ్రిజ్ మీద ఉంటుంది. మా ఆయనది కూడా.